ఎదురుకాళ్ళ పిల్ల

నవంబర్ 18, సోమవారం

నొప్పి ఏడు.

మిరజ్‌లో ఫిజియో ముక్తా రోజూ రాయమంది. పదికి ఎంత, ఏం చేస్తే పెరిగింది, ఏం చేస్తే తగ్గింది. రెండు ముక్కలు చాలట. హైస్కూల్లో సైన్సు చెప్పినదాన్ని, రెండు ముక్కల్లో ఆగడం నాకెక్కడ వచ్చు.

ఏం చేస్తే పెరిగింది: ఓవీని మంచం మీంచి కుర్చీలోకి ఎత్తాను. కుర్చీలోంచి బాత్రూమ్ స్టూల్ మీదికి ఎత్తాను. మళ్ళీ మంచం మీదికి ఎత్తాను. ఏం చేస్తే తగ్గింది: ఏమీ లేదు.

ఓవీ నా కూతురు. పదహారేళ్ళు. ఎదురుకాళ్ళతో పుట్టింది. తల బయటికి రావడం ఆలస్యమై, ఆ కాసేపట్లోనే మెదడుకి అందాల్సిన ఆక్సిజన్ అందలేదు. కాళ్ళు కత్తెరలా ఒకదాని మీదొకటి బిగుసుకుంటాయి. మాటలు నాలుగైదు, అవీ ఇంట్లోవాళ్ళకే అర్థమవుతాయి. బుర్ర మాత్రం చురుకు. సీరియల్లో ఎవడు అబద్ధమాడుతున్నాడో నాకన్నా ముందే పట్టేస్తుంది. రెండేళ్ళప్పుడు ఎలా ఎత్తానో ఇప్పటికీ అలాగే ఎత్తుతున్నాను, చంకల కింద ఒక చెయ్యి, మోకాళ్ళ కింద ఒక చెయ్యి. అది పెరిగింది. నా నడుం పెరగలేదు.

డిస్క్ జరిగి నరాన్ని నొక్కుతోందని ఎమ్మారైలో వచ్చింది. బరువులు ఎత్తకండి అన్నాడు సర్జన్. నా కూతురు బరువు కాదండీ అన్నాను. ఆయన కంప్యూటర్ వైపు తిరిగాడు.

నవంబర్ 20

నొప్పి ఏడు. సాయంత్రానికి ఎనిమిది.

బెల్టు పెట్టుకుంటే కూర్చోలేను. తీస్తే నిలబడలేను. మాత్ర వేసుకుంటే కడుపులో మంట. వేడినీళ్ళ సంచీ పెట్టినంతసేపు స్వర్గం, తియ్యగానే మళ్ళీ మామూలే. అత్తగారు వావిలాకు కాచి పట్టు వేసింది. ఇల్లంతా ఆకు వాసన. ఓవీ ముక్కు మూసుకుని నవ్వింది.

ముక్తా చెప్పిన ఎక్సర్‌సైజులు చేస్తున్నాను. వెల్లకిలా పడుకుని మోకాళ్ళు గుండెల దాకా తెచ్చుకోవాలి. సగం దాకా వస్తున్నాయి. అక్కడ ఆగి దేవుణ్ణి తిట్టుకుంటున్నాను.

నవంబర్ 23

తొమ్మిది. రాయలేను.

నవంబర్ 27, బుధవారం

ఇవాళ గంగూకాకుని వాకిట్లోంచే పంపేశాను. తప్పు చేశానని అనుకోవడం లేదు.

గంగూకాకు మా ఎదురింటావిడ, పిండిమర నడుపుతుంది. వెంట దగడూ అని ఒక హమాలీని తీసుకొచ్చింది. పసుపు మార్కెట్లో బస్తాలు మోస్తాడు. పొద్దున్న బస్తా దించుతుంటే నడుం పట్టేసిందట, విల్లులా వంగిపోయి గోడ పట్టుకుని నిలబడ్డాడు. తాయీ, అక్కలాంటిదానివి, పాప కాలు ఒక్కసారి తగలనియ్యండి, పోయి పని చూసుకుంటా అన్నాడు.

ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళు తంతే నడుం నొప్పి పోతుందని ఈ సాంగ్లీ అంతా నమ్ముతుంది. పరగడుపున, మొహం కడక్కముందు, ఎడమ కాలితో అయితే ఇంకా మంచిదట. ఓవీ చిన్నప్పుడు అత్తగారు ఈ వ్యవహారం నేను స్కూలుకి వెళ్ళాక నడిపించేది. ఒకరోజు తొందరగా ఇంటికొస్తే మా మంచం పక్కన చాప మీద ఎవడో మీసాలవాడు బోర్లా పడుకుని ఉన్నాడు. మంచం అంచున ఓవీ. దాని మోకాలి మీద అత్తగారి చెయ్యి. నేను అరిచిన అరుపుకి ఆ మనిషి నడుం నొప్పి నిజంగానే పోయినట్టుంది, గోడ దూకి పారిపోయాడు.

నేల మీద ఒక్క అడుగు వెయ్యని కాళ్ళు అవి. వాటితో ఊరి నడుములు బాగుచేయించుకుంటారా? ఆ రోజే మాన్పించేశాను.

ఇవాళ కూడా అదే మాట అన్నాను. దగడూ దండం పెట్టి వెనక్కి తిరిగాడు. గంగూకాకు ఊరుకుంటుందా, మందు ఇంట్లో పెట్టుకుని మిరజ్ చుట్టూ తిరుగుతోంది చదువుకున్నావిడ అని వీధికంతా వినిపించేలా అంది. నేను తలుపు వేశాను. వంగి గడియ పెట్టేసరికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కోపంతో కాదు, నొప్పితో.

డిసెంబర్ 2

శ్రీరంగ్ నిన్న వచ్చాడు, ఇవాళ వెళ్ళాడు. చక్కెర ఫ్యాక్టరీలో సీజన్ మొదలైతే మా ఆయన వారానికి ఒక్కరోజే ఇంటి మనిషి.

వాయి అనే ఊరి దగ్గర ఒక హోమ్ ఉందట. ఓవీలాంటి పిల్లలు ముప్పైమంది, చూసుకునే ఆయాలు, డాక్టరు. ఫోన్లో ఫోటోలు చూపించాడు. తోట, ఉయ్యాల, గోడల మీద ఏనుగుల బొమ్మలు. పదహారేళ్ళ పిల్లకి ఏనుగుల బొమ్మలేమిటి అన్నాను. నేను దేనికైనా వంక పెడతానట. అవును, పెడతాను.

తర్వాత అతను ఏడ్చాడు. పెళ్ళయ్యాక ఇది రెండోసారి, మొదటిసారి ఓవీ పుట్టినప్పుడు. నువ్వు కూడా మంచం పడితే నేను ఇద్దర్నీ ఎలా మొయ్యను వృందా అన్నాడు. నేను పోట్లాడాను.

ఓవీ పక్కగదిలోనే ఉంది. అది అన్నీ వింటుంది.

డిసెంబర్ 5

ఆరు. మంచిరోజే.

ముక్తా నా నడుం చూసి, మీరు అమ్మాయిని ఎలా ఎత్తుతారో చేసి చూపించండి అంది. దిండు ఎత్తి చూపించాను. అమ్మాయి ఏం సాయం చేస్తుంది అని అడిగింది. ఏం చేస్తుంది, పాపం అన్నాను. ఎప్పుడైనా అడిగారా అంది.

నాకు ఒళ్ళు మండింది. ఐదేళ్ళప్పుడే పెద్ద డాక్టరు ఈ కాళ్ళు బరువు మొయ్యవని చెప్పేశాడు, అప్పటినుంచి ఓవీకి ఫిజియో కూడా మానేశాం అన్నాను. ఐదేళ్ళప్పటి మాటా అంది ముక్తా. పాతికేళ్ళు కూడా లేవు, నాకు పిల్లని పెంచడం నేర్పుతుంది.

డిసెంబర్ 9, సోమవారం, సాయంత్రం

ఓవీని పడేశాను.

బాత్రూమ్‌లో, స్టూల్ మీంచి లేపుతుంటే నా ఎడమకాలు ఉన్నట్టుండి లేకుండా పోయింది. మొద్దుబారడం కాదు, అసలు కాలే లేదు. ఇద్దరం తడినేల మీద పడ్డాం. దాని కనుబొమ చిట్లింది. నేను దాని మీద పడ్డాను. లేవలేకపోయాను. అత్తగారు భజనకి వెళ్ళింది, ఫోను మంచం మీద ఉంది. అది నా కింద నుంచి ఎలాగో జరిగి గోడ వైపుకి చేరింది. ఎలా జరిగిందో నేను చూడలేదు, దాని నెత్తురే చూస్తున్నాను. అరిచాను. పిండిమర చప్పుడులో ఎవరికీ వినిపించలేదు.

మర ఆగాక గంగూకాకు వచ్చి చూసి, అయ్యో నా తల్లీ అని ఓవీని తన చీరకొంగుతో తుడిచి, నన్ను లేపింది. ఒక్క దెప్పుమాట కూడా అనలేదు. అందుకే నాకు ఇంకా సిగ్గేసింది.

మూడు కుట్లు పడ్డాయి. కంటికి తగిలి ఉంటే?

డిసెంబర్ 10

శ్రీరంగ్‌కి ఫోన్ చేసి సరేనన్నాను. ఇరవై రెండున హోమ్ వాళ్ళు వచ్చి ఓవీని చూస్తారు.

డిసెంబర్ 13

ఎనిమిది. ఎనిమిది. ఎనిమిది.

కుర్చీలో కూర్చోవడం మర్చిపోయాను. నిలబడి తింటున్నాను, జొన్న భాకరీ ముక్క చేతిలో పెట్టుకుని గుర్రంలా. రాత్రి పక్కకి తిరగాలంటే ముందు పళ్ళు బిగించుకుని, మంచంకోడు పట్టుకుని, ఆయీ గ్గా, అమ్మో అనుకుని తిరగాలి. నిన్న తుమ్ము వచ్చింది. తుమ్ముకి కూడా భయపడే బతుకు అయిపోయింది.

ఓవీ నాతో మాట్లాడటం లేదు. అన్నం పెడితే అత్తగారి వైపు మొహం తిప్పుకుంటుంది. వాయిలో తోట ఉందమ్మా అన్నాను. వద్దు అంది. ఉయ్యాల ఉంది అన్నాను. వద్దు. అయితే నన్నేం చెయ్యమంటావే, నేను చచ్చిపోనా అని అరిచాను. కన్నకూతురితో అనాల్సిన మాటేనా అది? అన్నాను. నొప్పి నా నోట్లోంచి మాట్లాడుతోంది, నేను వింటున్నాను.

డిసెంబర్ 17, మంగళవారం, పొద్దున్న

ఇది ఎవరికీ చెప్పను. ముక్తాకి కూడా ఈ పేజీ చూపించను.

తెల్లారకముందే మెలకువ వచ్చింది. నడుంలోంచి మడమ దాకా వైరు కాలినట్టు నొప్పి. పాకుతూ ఓవీ గదిలోకి వెళ్ళాను. అత్తగారు అప్పటికే లేచి దాని జడ విప్పుతోంది. చాప పరిచి, మంచం పక్కన బోర్లా పడుకున్నాను. అత్తగారిని చూడకుండా, దాని కాలు పట్టుకుని నా నడుం మీద పెట్టండి అన్నాను. ఇన్నేళ్ళు పిల్లలకి న్యూటన్ సూత్రాలు చెప్పినదాన్ని, మొహం కూడా కడుక్కోకుండా, మూఢనమ్మకం కింద బోర్లా పడుకున్నాను. పోయేది ఏముంది? పరువొక్కటే, అదీ పోయింది.

అత్తగారు ఓవీని మంచం అంచుకి జరిపి వెనకనుంచి ఆనించి పట్టుకుంది. దాని పాదాలు నా వీపుకి తగిలాయి, చల్లగా. నేను ఎదురుచూశాను. ఏమీ లేదు. కాలు పట్టుకుని నొక్కండి అన్నాను. నేనెందుకు పట్టుకుంటాను, నువ్వే చెప్పు, అదే తంతుంది అంది అత్తగారు.

నాకు అర్థం కాలేదు. మీరేగా పట్టుకుని తన్నించేవాళ్ళు, నేను చూశాను కదా అన్నాను. నేను పట్టుకునేది మోకాలు పక్కకి పోకుండా, తన్నడం దాని పనే, చిన్నప్పటినుంచీ అంతే, తన్నమ్మా అంటే తన్నేది, చాలమ్మా అంటే ఆపేది అంది. అది స్పాజమ్ అత్తయ్యా, దానంతటదే బిగుసుకోవడం, అది కావాలని చేసేది కాదు అన్నాను. ఆ ఇంగ్లీషు నాకు రాదు గానీ, చాలమ్మా అంటే ఆగే రోగం నేనెక్కడా చూడలేదు అంది.

బోర్లా పడుకుని, చాప వాసన చూస్తూ, ఓవీ, తన్ను అన్నాను.

తన్నలేదు. కోపం ఇంకా పోలేదు దానికి. తన్నవే, వాయికి పంపేస్తున్న అమ్మని నేను, తన్నవే అన్నాను.

రెండు కాళ్ళతో తన్నింది. జానెడు ముందుకి జరిగాను చాప మీద. ప్రాణం పోయిందనుకున్నాను. మళ్ళీ తన్నింది. చాలు అన్నాను. ఆగింది. తల తిప్పి చూస్తే ఓవీ నవ్వుతోంది, చొంగ గడ్డం మీదికి కారుతోంది, కళ్ళు తడిగా మెరుస్తున్నాయి. ఆయీ అంది. వారం తర్వాత అమ్మని పిలిచింది.

నొప్పి పోలేదు. తొమ్మిదికి పెరిగింది. నేను అక్కడే పడుకుని ఏడుస్తూ లెక్క వేసుకున్నాను. నన్ను జానెడు జరిపిన కాళ్ళు. నా బదులు కింద నేల ఉంటే? నేల జరగదు. అప్పుడు జరిగేది ఓవీనే, పైకి.

డిసెంబర్ 18

ఓవీ చెప్పగానే తన్నిందని, అంతవరకే ఫోన్లో చెబితే ముక్తా స్కూటర్ మీద ఇంటికే వచ్చింది. ఓవీ కాళ్ళు పట్టుకుని చాలాసేపు చూసింది. బిగుసుకుపోయిన వాటిలో బలం కూడా ఉంటుంది, ఉందో లేదో ఎవరూ అడగలేదు అంది. పూర్తిగా నడవకపోవచ్చు, ఆశలు పెట్టుకోవద్దు. కానీ మంచం మీంచి కుర్చీలోకి మారేటప్పుడు తన బరువు సగం తను మోస్తే, మీ నడుం మిగులుతుంది అంది. మొదట్లో అమ్మాయికి కండరాలు నొప్పి పెడతాయి, మానకుండా రోజూ కాస్త కాస్త చెయ్యాలట.

ఓవీ నడుముకి వెడల్పు బెల్టు కట్టి, దాన్ని నేను పట్టుకోవాలి. ఎత్తకూడదు. పట్టుకోవాలి, అంతే.

ఇన్నేళ్ళుగా నేను ఎత్తుతూనే ఉన్నాను. అది ఎప్పుడూ దించమనలేదు, వేరేగా లేవొచ్చని దానికి తెలియదు కదా.

డిసెంబర్ 19

పాదాలు నేల మీద పెట్టాం. తన్ను అన్నాను. నా మొహంలోకి చూసింది, ఎవర్ని అన్నట్టు. నేలని అన్నాను. కాళ్ళు కత్తెర పడ్డాయి, వెనక్కి మంచం మీద పడిపోయింది.

పదిసార్లు. పదిసార్లూ అంతే. అలవాటు కొద్దీ ఎత్తబోయాను, నడుం కలుక్కుమంది. తొమ్మిది.

ఇంకో మూడు రోజుల్లో హోమ్ వాళ్ళు వస్తారు.

డిసెంబర్ 20, శుక్రవారం

దగడూ వచ్చాడు. గంగూకాకుకి అత్తగారు చెప్పేసిందన్నమాట, ఎవరికీ చెప్పనని నేను రాసుకున్న మూడో రోజుకే. వాకిట్లో నిలబడి, తాయీ, ఇవాళ కూడా తిడతారా అన్నాడు. లోపలికి రా అన్నాను. ఏం చెయ్యను, నేను కూడా ఆ చాప మీద పడుకున్నదాన్నే.

బస్తాలు మోసేటప్పుడు వీపు మీద వేసుకునే గోనెపట్టా ఒకటి అతని దగ్గర ఉంది. పసుపు పట్టి పట్టి కాషాయరంగుకి వచ్చేసింది. దాన్ని మడిచి తన నడుం మీద పరుచుకుని బోర్లా పడుకున్నాడు. పాప కాలికి నా చెమట అంటకూడదు కదా తాయీ అన్నాడు. 

తన్ను అంది అత్తగారు. ఓవీ తన్నింది. దగడూ అమ్మా అని, కాసేపటికి లేచి, అటూ ఇటూ ఒంగి చూసుకుని, పోయింది తాయీ అన్నాడు. పోయిందో లేదో అతని నడుముకే తెలియాలి. నేను వాదించలేదు.

గోనెపట్టా జారి నేల మీద పడింది, సరిగ్గా ఓవీ పాదాల కింద. అది కిందికి చూసింది. ఎవరూ తన్నమనలేదు. మళ్ళీ తన్నింది. మంచం మీంచి పిర్రలు లేచాయి. గాలిలో ఒక్క క్షణం ఆగి, మళ్ళీ మంచం మీద పడింది.

దగడూ, ఇది ఇక్కడ ఉంచి వెళ్ళు అన్నాను. తీస్కో తాయీ, మార్కెట్ యార్డులో ఇంకోటి దొరుకుతుంది అన్నాడు. ఎందుకని కూడా అడగలేదు.

డిసెంబర్ 22, ఆదివారం

హోమ్ నుంచి ఒకావిడ, ఒకాయన వచ్చారు. మంచివాళ్ళు. అదే బాధ. పోహా తిన్నారు, ఓవీ చెయ్యి పట్టుకుని మాట్లాడారు.

శ్రీరంగ్ ముందు, వాళ్ళ ముందు, గోనె వేశాను. బెల్టు పట్టుకున్నాను. తన్ను అన్నాను. ఓవీ రాయిలా కూర్చుంది. తన్నమ్మా అన్నాను. బతిమాలాను. గోడవైపు చూసింది. కొత్తవాళ్ళ ముందు అది నీళ్ళు కూడా తాగదు, నాకు తెలుసు. తెలిసీ అడిగాను.

ఆవిడ నా భుజం మీద చెయ్యి వేసి, జనవరి నెలాఖరు దాకా సీటు ఉంచుతాం, ముందు మీ ఆరోగ్యం చూసుకోండి అంది. వాళ్ళు వెళ్ళాక శ్రీరంగ్ నెమ్మదిగా అన్నాడు, నొప్పిలో మనిషికి ఏవేవో కనిపిస్తాయి వృందా అని. మీ అమ్మ కూడా చూసింది అన్నాను. అమ్మకి దయ్యాలు కూడా కనిపిస్తాయి అన్నాడు.

డిసెంబర్ 26

తొమ్మిది. ఇంజెక్షన్. గోనె మూల పడి ఉంది.

జనవరి 1

అందరూ శుభాకాంక్షలు పంపిస్తున్నారు. ఆరోగ్యంగా ఉండాలట. ఫోను దిండు కింద పెట్టేశాను.

జనవరి 6, సోమవారం

ఓవీ గోనె అంది. నేను అడగలేదు, అదే అంది. మొదట అర్థం కాలేదు, కొత్తమాట కదా, దగడూ దగ్గర విన్నది. మూలకి చూపించింది.

వేశాను. రెండుసార్లు లేచింది. రెండోసారి నా మెడ పట్టుకుంది, బరువంతా నా మీద వాల్చలేదు. నా నడుం కలుక్కుమనడానికి సిద్ధంగా ఉంది, కలుక్కుమనలేదు.

జనవరి 12

పడింది. మంచం మీదికే. దెబ్బ తగల్లేదు, కానీ ఏడ్చింది, నన్ను కొట్టింది. నేనూ ఏడ్చాను. అత్తగారు ఇద్దరికీ చహా పెట్టి ఇచ్చి, మీ ఇద్దరిలో పదహారేళ్ళది ఎవర్తో నాకు తెలియడం లేదు అంది.

జనవరి 19, ఆదివారం

శ్రీరంగ్‌కి ఏమీ చెప్పలేదు. అతను గుమ్మంలో చహా తాగుతున్నాడు. రోజూ చేసినట్టే చేశాను. గోనె, బెల్టు, తన్ను. ఓవీ లేచింది. మోకాళ్ళు వణికాయి. ఒక పాదం గోనె మీదే తిప్పింది, నేను బెల్టు పట్టుకుని ఓవీని కుర్చీ వైపు తిప్పాను, కూర్చుంది. నా చేతులు బెల్టు మీదే ఉన్నాయి. ఎత్తలేదు.

చూస్తే శ్రీరంగ్ చేతిలో కప్పు ఒరిగి చొక్కా మీద చహా కారుతోంది, వేడి కూడా తెలియడం లేదు. ఇంకోసారి అన్నాడు. వద్దు అంది ఓవీ. వాళ్ళ నాన్నని ఏడిపించడం దానికి సరదా.

కాసేపటికి వరండాలోకి వెళ్ళి హోమ్‌కి తనే ఫోన్ చేశాడు. ఆ సీటు ఇంకెవరికైనా ఇవ్వండి అనడం వినిపించింది. నేను వంటింట్లో గట్టు పట్టుకుని నిలబడ్డాను, కూర్చుంటే లేవలేనని. ఏడు.

జనవరి 31

నాది ఆరు.

ముక్తా పుస్తకం తిరగేసి, అన్నీ మీ నంబర్లే, అమ్మాయిది ఏదీ అంది.

ఇంటికొచ్చి అడిగాను, నీ కాళ్ళు ఎంత నొప్పి అని. పదహారేళ్ళలో మొదటిసారి. ఒకటి నుంచి లెక్కపెడుతూ పోయాను. ఎనిమిది దగ్గర ఊఁ అంది.

అయితే రేపు మానేద్దామా అన్నాను.

గోనె అంది.